0.25 కాదు, 0.50

ఇంజన్ క్రాంక్‌షాఫ్ట్ రాడ్ జర్నల్ (బేరింగ్‌లో తిరిగే గుండ్రటి భాగం) మీద మైక్రోమీటర్ తుడిచి మళ్లీ పెట్టాను. మళ్లీ అదే, 47.50 మి.మీ.

షాఫ్ట్‌ని గ్రైండ్ చేసినవాళ్ల చీటీ మీద ఉన్నది 0.25 అండర్‌సైజ్, అంటే జర్నల్స్ స్టాండర్డ్ కంటే 0.25 మి.మీ. సన్నబడ్డాయని. బేరింగ్ సెట్లు కూడా అవే తెచ్చి పెట్టుకున్నాను. షాఫ్ట్‌ని ఇంజన్ బ్లాక్‌లో నిలబెట్టే మెయిన్ జర్నల్స్ ఐదూ లెక్క ప్రకారమే ఉన్నాయి. కనెక్టింగ్ రాడ్లు బిగించే రాడ్ జర్నల్స్ మాత్రం స్టాండర్డ్ 48.00 నుంచి అర మిల్లీమీటర్ తగ్గాయి. ఒకే షాఫ్ట్, రెండు సైజులు!

చీటీని నమ్మి బిగించి ఉంటే రాడ్ జర్నల్‌కీ బేరింగ్‌కీ మధ్య 0.05 మి.మీ. ఉండాల్సిన ఆయిల్ గ్యాప్ 0.30 అయ్యేది. ఆయిల్ ప్రెషర్ నిలవదు, కాస్త వేడెక్కగానే రాడ్లు కొట్టుకోవడం మొదలు. తలచుకుంటేనే టెన్షన్‌గా ఉంది.

అండర్‌సైజ్ అనగానే బేరింగ్ పల్చగా ఉంటుందనుకుంటారు చాలామంది. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. సన్నబడింది జర్నల్. ఆ తేడా పూడ్చడానికి షెల్ (బేరింగ్ సగం ముక్క) మందం పెరుగుతుంది, 0.50 సెట్‌లో ఒక్కోటి 0.25 చొప్పున.

ప్రతి జర్నల్‌నీ రెండు చివర్లా, అడ్డంగా నిలువుగా కొలిచాను. ఓవల్ లేదు (గుండ్రం చెడలేదు), టేపర్ లేదు (ఒక చివర సన్నబడలేదు). గ్రైండింగ్ పని నిజంగా బాగుంది, చీటీ ఒక్కటే తప్పు.

సాయంత్రం 0.50 సెట్ వచ్చింది. షెల్ వెనక ముద్ర చూసి, ప్లాస్టిగేజ్ (నలిగిన వెడల్పును బట్టి గ్యాప్ చెప్పే మెత్తని ప్లాస్టిక్ తీగ) ముక్క పెట్టి, మొదటి రాడ్‌ని టార్క్ రెంచ్‌తో పూర్తిగా బిగించాను. షాఫ్ట్‌ని కదలనివ్వలేదు. విప్పి చూస్తే నలిగిన తీగ వెడల్పు దాని స్కేల్ మీద సరిగ్గా 0.05 గీతకు సరిపోయింది.

ఇంకా మూడు రాడ్లున్నాయి. రేపు ఒక్కోటీ ఇలాగే చూసి బిగిస్తాను.