360 బొమ్మల్లో ఒక పాప

గండికోటలో తీసిన వీడియోను కడపలోని చుట్టాలందరికీ పంపుదామని కూర్చున్నాను. పెన్నా లోయ, జుమ్మా మసీదు, మాధవరాయ స్వామి గోపురం అన్నీ బాగా వచ్చాయి. ఒక్కచోట మాత్రం ఎవరో తెలియని పాప, అరుగు మీద అన్నం తింటూ, 12 సెకన్ల పాటు కనిపిస్తోంది. వాళ్ళ అమ్మానాన్నలను అడగలేదు కదా, ముఖం కప్పేద్దామనుకున్నాను.

సెకనుకు 30 ఫ్రేములు. అంటే 360 బొమ్మలు. గుండ్రటి మసక ఒకటి పెట్టి వదిలేస్తే చాలనుకున్న నా అమాయకత్వానికి నాకే నవ్వొస్తోంది. పాప తల తిప్పింది, ముద్ద కోసం వంగింది. పైగా ఫోను పట్టుకున్న నా చెయ్యి వణికింది. మసక ఒకచోట, ముఖం మరోచోట! చివరికి పాప కదిలిన ప్రతిచోటా ఆపి కీఫ్రేము, అంటే ఆ క్షణంలో మసక ఎక్కడుండాలో చెప్పే గుర్తు, పెట్టాను. మధ్యలోని కదలికను సాఫ్ట్‌వేర్ లెక్కగట్టుకుంది. ఒక్క ఫ్రేములో ముఖం బయటపడినా ఆపి చూసేవారికి అది చాలు. అందుకే రెండు రాత్రులు పట్టింది.

తరువాత అద్దె కారు నంబరు. మొదట గళ్ళ మసక వేశాను. కానీ అంకెలు పదే కదా, ఏ అంకె ఎలాంటి గళ్ళుగా మారుతుందో పోల్చి చూస్తే కొన్నిసార్లు దొరికిపోతుంది. అందుకని నల్లటి పట్టీ వేశాను. అందంగా లేదు, ఉండనీ.

అమ్మకు చూపించాను. కళ్ళజోడు సవరించుకుని, "అంతా కప్పావు సరే, మీ మామ ఫోనులో ఆ కారు నంబరే గట్టిగా చెబుతున్నాడు కదరా!" అంది.