దగ్గుకు ముందు ఒక్క క్షణం

మా ఇల్లు శ్రీకాకుళంలో అరసవల్లి వైపు ఉంటుంది. గుడికి నడిచి వెళ్లిపోవచ్చు. అయినా వరసగా ఆరేళ్లు రథసప్తమికి నేను వెళ్లలేదు. ఒక ఏడాది బడి పనులని, ఒక ఏడాది మోకాళ్ల నొప్పులని చెప్పాను. నిజానికి నా భయమంతా వరసలో నిలబడడం గురించి. అర్ధరాత్రి నుంచి గంటల తరబడి జనంలో నిలబడాలి, మధ్యలో బయటికి రావడానికి వీలుండదు. తుమ్మినా, దగ్గినా, వెనుకవాళ్లు తోసినా నాకు మూత్రం చుక్కలు పడిపోయేవి. పట్టుచీరలో, దేవుడి ఎదుట అలా జరుగుతుందేమోనన్న ఊహే భరించలేకపోయాను.

రెండో కాన్పు తరువాత మొదలైంది ఇది. అప్పుడు నాకు ఇరవై తొమ్మిదేళ్లు. పాప బరువు మూడు కిలోల ఎనిమిది వందల గ్రాములు. చాలాసేపు నొప్పులు పడ్డాను, కుట్లు కూడా పడ్డాయి. బాలింతగా ఉన్నప్పుడు అమ్మ నా నడుముకు పాత చీర బిగించి కట్టేది, నీళ్లు ఎక్కువ తాగనిచ్చేది కాదు. మూడో నెలలో పాపను ఎత్తుకుని మెట్లెక్కుతుంటే తడి తెలిసింది. అమ్మతో చెప్తే, "పిల్లలు పుట్టాక ఆడవాళ్లకు ఉండేదే. అదే సర్దుకుంటుందిలే" అంది. అది సర్దుకోలేదు. పదిహేడేళ్లు నేనే దానికి తగ్గట్టు సర్దుకుంటూ వచ్చాను.

నేను ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్తాను. బడికి బస్సులో వెళ్లాలి. దారిలో ఎన్ని స్పీడ్ బ్రేకర్లున్నాయో నాకు లెక్క తెలుసు. ముదురు రంగు చీరలే కొనేదాన్ని. సంచిలో ఎప్పుడూ ఒక లంగా, రెండు ప్యాడ్లు. పొద్దున టీ తప్ప సాయంత్రం నాలుగు దాకా నీళ్లు ముట్టేదాన్ని కాదు. ఇంటి నుంచి బయలుదేరేముందు రెండుసార్లు, బడిలో గంట కొట్టిన ప్రతిసారీ మూత్రానికి వెళ్లేదాన్ని. అవసరమై కాదు, ముందు జాగ్రత్తకు. ఇవన్నీ తెలివైన పనులని అనుకున్నాను. నీళ్లు మానేస్తే మూత్రం చిక్కబడి మూత్రసంచిని ఇంకా చికాకు పెడుతుందని, ఊరికే పదే పదే వెళ్తుంటే కొంచెం నిండగానే తొందరపెట్టడం దానికి అలవాటవుతుందని తరువాత తెలిసింది.

నిరుడు చలికాలం మూడు వారాలు దగ్గు పట్టుకుంది. తొమ్మిదో తరగతిలో పద్యం చెప్తూ కుర్చీలోంచి లేవలేక, గంట కొట్టినా పిల్లలందరూ వెళ్లేదాకా అలాగే కూర్చుండిపోయాను. ఆ శనివారమే ఆసుపత్రికి వెళ్లాను. పది నిమిషాలు కూడా కాకముందే అక్కడ గర్భసంచి తీసేద్దామన్నారు. నాకు ఆశ్చర్యం కలగలేదు. నాతో చదువుకున్నవాళ్లలో, మా వీధిలో, నలభై నిండకుండానే తీయించుకున్నవాళ్లు ఎంతమందో. "పిల్లలు పుట్టేశారు కదా, ఇక దానితో పనేముంది" అనే మాట విని విని మాకు అలవాటైపోయింది. ఆ మాట నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది.

మా చెల్లెలు పట్టుబట్టి మరో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. ఆవిడ మూత్ర పరీక్ష చేయించి, పడుకోబెట్టి దగ్గమని చూశారు. "గర్భసంచి దాని చోటులోనే ఉంది. మీ ఇబ్బంది దానివల్ల వచ్చింది కాదు, తీసేస్తే పోయేది కూడా కాదు. ముందు మూడు నెలలు ఫిజియోథెరపీ చేయండి" అన్నారు. ఫిజియోథెరపీ అంటే మోకాళ్లకు, పక్షవాతానికి అని మాత్రమే నాకు తెలుసు.

ఆమదాలవలసలో రైలెక్కి విశాఖపట్నం వెళ్లాను. ఫిజియోథెరపిస్టు చిన్న వయసు అమ్మాయి. నన్ను "అమ్మా" అని పిలిచింది. మూడు రోజులు ఎన్ని నీళ్లు తాగానో, ఎన్నిసార్లు వెళ్లానో, ఎప్పుడు చుక్కలు పడ్డాయో రాసుకుని రమ్మని ముందే ఫోనులో చెప్పింది. ఆ కాగితం చదివినంతసేపూ నా ముఖం వైపు చూడలేదు. అది ఎంత మర్యాదో నాకు తెలుసు. తరువాత బొమ్మ గీసి చూపించింది. ముందు ఎముక నుంచి వెన్ను చివర ఎముక దాకా పొత్తికడుపు అడుగున కండరాలు పరచుకుని ఉంటాయి. పెల్విక్ ఫ్లోర్ అంటారు. చూడగానే దూలానికి చీరతో కట్టిన ఊయల గుర్తొచ్చింది నాకు. మూత్రసంచి, గర్భసంచి, పేగు చివరి భాగం ఆ ఊయల మీదే ఆని ఉంటాయి. కాన్పులో బిడ్డ బయటికి వచ్చేది దాన్ని సాగదీసుకునే.

తొడుగు వేసుకున్న వేలితో పరీక్ష చేస్తానని, వద్దంటే ఎప్పుడైనా ఆపేస్తానని చెప్పి, నేను సరేనన్నాకే చేసింది. "గాలి పోకుండా, మూత్రం పోకుండా ఒకేసారి ఆపుతున్నట్టు లోపలికి, పైకి లాగండి" అంది. నేను పొట్ట బిగించాను, పిరుదులు బిగించాను, ఊపిరి బిగబట్టాను.

"అమ్మా, మీరు పైకి లాగడం లేదు. కిందికి ముక్కుతున్నారు."

అంతకుముందు ఆరు నెలలు ఫోనులో వీడియో చూసి రోజూ చేసింది అదే. బాగుపడాలని చేసిన ప్రతిసారీ ఆ ఊయలను నేనే కిందికి తోశాను. అక్కడే కళ్లనీళ్లు వచ్చేశాయి. ఆమె తొందరపెట్టలేదు. నాలుగో ప్రయత్నంలోనో, అయిదో ప్రయత్నంలోనో లోపల సన్నగా ఏదో పైకి లేచింది. "అదే! ఇప్పుడు చేసిందే" అంది. అయిదుకు రెండు మార్కులు వేసింది నా కండరానికి. కొందరికి ఈ కండరాలు వదులవకుండా బిగుసుకుపోయి ఉంటాయట, వాళ్లకు ముందు నేర్పేది వదలడమేనట. చేయించి చూడకుండా నోటిమాటగా వ్యాయామం చెప్పకూడదని ఆమె అంత పట్టుదలగా ఎందుకు అందో అప్పుడు అర్థమైంది.

వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి మొదలుపెట్టాను. లాగి మూడు సెకన్లు పట్టి ఉంచడం, పూర్తిగా వదలడం, ఊపిరి మాత్రం ఆడుతూనే ఉండాలి. అలా పదిసార్లు, తరువాత చకచకా మరో పది. రోజుకు మూడు విడతలు. వారాలు గడిచేకొద్దీ మూడు సెకన్లు పది దాకా పెరిగాయి. పడుకుని చేసింది కూర్చుని, ఆపై నిలబడి చేశాను. మూత్రం పోస్తూ మధ్యలో ఆపి సాధన చేయవద్దని గట్టిగా చెప్పింది. తొందర కలిగితే పరుగెత్తకుండా కొంచెం ఓర్చుకుంటూ, ఒకసారికీ మరోసారికీ మధ్య వ్యవధిని పావుగంట చొప్పున పెంచుకుంటూ పోయాను. నీళ్లు మళ్లీ తాగడం మొదలుపెట్టాను.

అన్నిటికంటే మేలు చేసింది మాత్రం ఒక చిన్న కిటుకు. దగ్గు వస్తోందని తెలిసిన క్షణంలో, దగ్గుకు ముందే, ఆ కండరాన్ని పైకి లాగి పట్టుకోవాలి. బిందె ఎత్తేముందు కూడా అంతే. ఆరు వారాలు ఏ మార్పూ కనిపించక మానేద్దామనుకున్నాను. ఎనిమిదో వారంలో బస్సులో గట్టిగా తుమ్మాను. దిగాక చూసుకుంటే తడి లేదు. మూడు నెలలకు నాకు నాలుగు మార్కులు వచ్చాయి. ఇప్పటికీ పెద్ద జలుబు చేస్తే ఒకటీ అరా చుక్క పడుతుంది.

అమ్మది పొందూరు. ఇప్పటికీ రాట్నం మీద సన్న నూలు వడుకుతుంది. వేసవిలో మా ఇంటికి వచ్చినప్పుడు నేను పడుకుని వ్యాయామం చేస్తుంటే, "ఏమిటే అది?" అని అడిగింది. చెప్పాను. చాలాసేపు ఊరుకుని, తనకు కిందికి ఏదో కోడిగుడ్డులా జారి వస్తుందని, స్నానం చేసేటప్పుడు చేత్తో లోపలికి నెట్టుకుంటానని అంది. ముప్పై ఏళ్లుగా! నా కూతురు పుట్టినప్పుడు "ఆడవాళ్లకు ఉండేదే" అన్నది ఇది ఓర్చుకుంటున్న మనిషి. ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికా వైద్యుడు ఈ వ్యాయామాల గురించి 1948లో రాశాడు. అప్పటికి అమ్మ ఇంకా పుట్టలేదు. ఆమెకు ముగ్గురు పిల్లలు పుట్టినా ఒక్కరూ చెప్పలేదు.

అమ్మ కండరాలు వ్యాయామంతో మాత్రమే నిలబెట్టే దశ దాటిపోయాయి. డాక్టరమ్మ కొలత చూసి, జారేదాన్ని లోపలే ఆపి ఉంచే మెత్తని సిలికాన్ రింగు పెట్టారు. ఎప్పటికప్పుడు తీసి, కడిగి, పరీక్ష చేసి మళ్లీ పెడతారు.

ఈ ఏడాది రథసప్తమికి ఇద్దరం వెళ్లాం, అమ్మా నేనూ. మూడు గంటలకు పైగా నిలబడ్డాం. చలికి రెండుసార్లు దగ్గాను.

నిన్న అమ్మ ఫోను చేసింది. పూట పూటంతా రాట్నం ముందు కూర్చోగలుగుతున్నానంది. తనతో నూలు వడికేవాళ్లలో మరో ఇద్దరికి అదే బాధ ఉందట. "ఆదివారం వస్తున్నావుగా, ఆ డాక్టరమ్మ ఏ రోజుల్లో చూస్తారో కనుక్కుని రా" అంది.