ఫోర్మెంతేరా కప్పు, కోనసీమ పీచు

అమలాపురం, రాజోలు వైపు కొత్తగా ఇల్లు కట్టించుకొనేవారు ఈమధ్య నాకు చూపించే ఫోటోల్లో మధ్యధరా తీరపు ఇళ్లే ఎక్కువ: తెల్లని సున్నపు గోడలు, చదునైన కప్పు, చిన్న కిటికీలు. ఆ ఇళ్లు చూడముచ్చటగా ఉంటాయి, కాదనను. అయితే ఆ రూపాన్ని తీర్చినది అక్కడి వాతావరణం. అక్కడి వేసవి పొడిగా ఉంటుంది, వానలు చలికాలంలో కురుస్తాయి. పగలంతా వేడిని పట్టి ఉంచిన దళసరి రాతిగోడ, రాత్రి గాలి చల్లబడ్డాక దానిని వదిలేస్తుంది. కోనసీమలో మే నెల రాత్రి కూడా ఉక్క తగ్గదు కనుక అదే గోడ మన పడకగదిని తెల్లవారేదాకా వెచ్చగా ఉంచుతుంది. మనకు కావలసినవి ఎదురెదురు కిటికీలు, గోడకు ఎండ తగలనివ్వని వసారా, వాననీటిని నిలవనివ్వని వాలు కప్పు. మన మండువా ఇళ్లలో ఇవన్నీ ఉన్నాయి.

మధ్యధరా నుంచి నేను తీసుకోదలచినది వేరే ఉంది. స్పెయిన్‌కు చెందిన ఫోర్మెంతేరా ద్వీపంలో, సాంత్ ఫెర్రాన్ అనే ఊళ్లో 2017లో 14 ప్రభుత్వ గృహాలు పూర్తయ్యాయి. ఒడ్డుకు కొట్టుకువచ్చే పొసిడోనియా అనే సముద్రపు గడ్డిని ఎండబెట్టి, వేడి దిగకుండా ఆ ఇళ్ల కప్పులో 16 సెంటీమీటర్ల మందాన నింపారు. ఆ దీవుల పాత ఇళ్లలో దూలాల మీద ఇదే గడ్డిని పరిచి, పైన మట్టి వేసేవారు. ఊరికే పడి ఉన్న పదార్థాన్ని మళ్లీ ఇంటి కప్పుకు చేర్చిన ఆ ఆలోచన నాకు ఎంతో నచ్చింది.

మనకు కొబ్బరి ఉంది. అంబాజీపేట ప్రాంతంలో పీచు తీయగా మిగిలిన పొట్టు గుట్టలుగా పడి ఉంటుంది కాబట్టి మొదట ఎవరి దృష్టైనా దానిమీదికే పోతుంది. కానీ పొట్టు తన బరువుకు ఎన్నో రెట్లు నీటిని పీల్చుకుంటుంది. వానలో తడిసిన పిడికెడు పొట్టును పిండితే వేళ్ల సందుల్లోంచి ఎర్రటి నీరు కారుతుంది. అటువంటిదాన్ని కప్పులో పెట్టకూడదు. పీచు మేలు: మొక్కల పోగులకు గట్టిదనమిచ్చే లిగ్నిన్ అనే పదార్థం ఎక్కువ కనుక త్వరగా కుళ్లదు, పోగుల మధ్య గాలి నిలిచి వేడిని ఆపుతుంది. పెంకుల కింద గాలి ఆడేంత ఖాళీ వదిలి, దాని కింద చెక్క పలకల మీద పీచు చాపలు పరచాలని నా ఆలోచన. పీచుకు నిప్పు త్వరగా అంటుకుంటుంది కాబట్టి విద్యుత్ తీగలను ఆ పొరలోంచి పోనివ్వకూడదు.

1996 నవంబరు తుపానును చూసినవారెవరూ పెంకుల కప్పును సులభంగా నమ్మరు, అది న్యాయమే. రెండు వాలుల కప్పు కంటే నాలుగు వైపులా వాలిన కప్పు గాలిని బాగా తట్టుకుంటుంది; అయినా వాసాలను దూలాలకు, దూలాలను గోడమీది కాంక్రీటు పట్టీకి ఇనుప పట్టీలతో బిగించక తప్పదు.

ఒక్క విషయంలో మాత్రం మధ్యధరా పద్ధతి మార్పు లేకుండా పనికివస్తుంది. అక్కడివారు చలికాలపు వానను ఇంటి కింది తొట్టిలో దాచి వేసవిలో వాడుకొనేవారు. సముద్రానికి దగ్గరై బావినీరు ఉప్పగా మారిన మన తీరపు ఊళ్లలో, కార్తీకంలో కురిసే వానను అలాగే పట్టి దాచుకోవచ్చు. పెంకుల మీది దుమ్ము తొట్టిలోకి చేరకుండా మొదటి జల్లును మాత్రం బయటికి వదిలేయాలి.