తాడు పట్టిన చెయ్యి

ఫిబ్రవరి, ఆదివారం

భువనగిరి దారిలో గుట్ట దగ్గరికి చేరేసరికి ఇంకా పూర్తిగా తెల్లారలేదు. ఈ రోజుల్లో పొద్దు పొడిచేసరికి ఆరూ నలభై దాటుతోంది. బండ ఎక్కడం నేర్చుకునే బ్యాచ్ ఏడూ ముప్పావుకి వస్తుంది. ఆలోపే పైన యాంకర్ (తాడుని రాతికి కట్టే ఏర్పాటు) పని అయిపోవాలి. వాళ్ళు వచ్చాక పైన కూర్చుని ముడులు వేస్తుంటే కింద వాళ్ళని చూసుకునే మనిషి ఉండడు.

పన్నెండు మంది కాలేజీ పిల్లలు, ఇద్దరం ఇన్‌స్ట్రక్టర్లం, రెండు తాళ్ళు. తాడుకి ఆరుగురిని మించి పెట్టకూడదు. మించితే ఎక్కేవాళ్ళ కంటే ఖాళీగా కూర్చునేవాళ్ళు ఎక్కువవుతారు, విసుగు పుట్టి ఫొటోల కోసం అంచుల వైపు తిరుగుతారు. ఎక్కుతూ జారినవాళ్ళని తాడు ఆపుతుంది. అంచు మీద ఫొటో దిగేవాళ్ళని ఆపడానికి ఏమీ ఉండదు. గుట్టల మీద నాకు ఎక్కువ భయం వాళ్ళ గురించే.

ముందు చూసింది తేనెతుట్టెలు. ఇక్కడి బండల మీద పాముల కంటే పెద్ద ప్రమాదం కొండ తేనెటీగలు. ఇవి వలస పోతూ వస్తూ ఉంటాయి కాబట్టి పోయిన నెల ఖాళీగా ఉన్న చూరు కింద ఈ నెల మీటరు వెడల్పు తుట్టె వేలాడుతూ ఉండొచ్చు. దుర్భిణి పెట్టి బండ మొహం మొత్తం ఒక చివర నుంచి ఇంకో చివరికి చూసుకోవాలి. నల్లని మరక మాత్రమే ఉంటే పాత తుట్టె. మరక మీద అలలా కదలిక ఉంటే అందులో ఈగలున్నట్టు. కింద ఆకుల మీద పసుపు చుక్కలు (ఈగల రెట్టలు) కనబడ్డా తల ఎత్తి చూడాల్సిందే. ఈరోజు ఎడమ పక్క చూరుకి ఒకటి ఉంది. అటు వైపు రూటు వదిలేసి, దానికి బాగా దూరంగా కుడి పక్కకి మార్చాం. సెంటు కొట్టుకు రావద్దని, పొగ వద్దని, అరుపులు వద్దని పిల్లలకి నిన్ననే మెసేజ్ వెళ్ళింది. ఈగలు లేస్తే కొట్టకూడదు. మొహం కప్పుకుని ఆగకుండా దూరం పోవాలి. తాడు మీద ఉన్నవాళ్ళని మాత్రం బిలే ఇచ్చేవాళ్ళు (కింద నిలబడి వాళ్ళ తాడు పట్టుకునేవాళ్ళు) ముందు కిందికి దించాలి. అందరి కంటే చివర పరుగెత్తాల్సిన మనిషి వాళ్ళే కాబట్టి ఆ మాట వాళ్ళకి విడిగా చెప్పాలి.

యాంకర్. మన గ్రానైట్ ఉల్లిపాయలా పొరలు పొరలుగా విచ్చుకుంటుంది. పైన గుండ్రంగా, నున్నగా ఉంటుంది, మంచి పగుళ్ళు తక్కువ. నట్లు, కామ్‌లు (పగుళ్ళలో బిగించే లోహపు పనిముట్లు) ఇరికించడానికి చోటు దొరకడం అరుదు. అందుకే పైన కూర్చున్న గుండ్లే మనకి దిక్కు. రెండు మీటర్ల అడ్డకొలత ఉన్న గుండు దాదాపు 11 టన్నులు తూగుతుంది. బరువుకి లోటు లేదు. చూడాల్సింది అది దేని మీద కూర్చుందన్నది. కింద మట్టి ఉన్నా, చిన్న రాయి ఆనుడుతో నిలబడ్డా, వాలు మనం లాగే వైపే ఉన్నా వదిలెయ్యాలి. తాడు గుండు నడుముకి చుట్టకూడదు, నేలకి ఆనించి మొదట్లో చుట్టాలి. నడుముకి చుడితే మీట వేసినట్టు గుండునే లాగుతుంది.

ఈరోజు రెండు గుండ్లు, రెండూ అంచుకి పాతిక మీటర్లు వెనక. 11 మి.మీ. స్టాటిక్ (తక్కువ సాగే) తాడు ఒక గుండు నుంచి అంచు దాకా, అక్కడ ఫిగర్ ఎయిట్ (8 ఆకారపు) ముడి, మళ్ళీ రెండో గుండుకి. రెండు కాళ్ళ (ముడి నుంచి గుండ్ల వైపు పోయే రెండు పాయల) మధ్య కోణం 40 డిగ్రీల లోపే వచ్చింది. కోణం 60 ఉంటే ఒక్కో కాలు మీద 58 శాతం లోడు పడుతుంది. 120కి వెళ్తే ఒక్కో కాలూ మొత్తం బరువు మోస్తుంది, అప్పుడు రెండు కట్టినా లాభం లేదు. ముడికి రెండు స్క్రూగేట్ క్యారాబైనర్లు (మర బిగించే లోహపు కొక్కేలు), గేట్లు ఎదురుబొదురుగా. ఎక్కే తాడు వాటిలోంచే పోతుంది. అవి అంచు దాటి అర మీటరు కిందికి వేలాడాలి. అంచు పైనే ఉంటే ఎక్కే తాడు రోజంతా రాతిని రుద్దుకుంటుంది.

స్టాటిక్ అన్నారు కదా సాగదనుకోవద్దు. పాతిక మీటర్ల కాలు మనిషి వేలాడితే జానెడు నుంచి మూరెడు దాకా సాగుతుంది. మనిషి దిగగానే ముడుచుకుంటుంది. రోజుకి ఇరవై నాలుగు సార్లు ఎక్కి దిగితే అంచు దగ్గర ఆ తాడు రంపంలా ఆడుతూనే ఉంటుంది. అందుకే అంచు దగ్గర తాడు కింద పాత తివాచీ ముక్క. అది వేస్తే సరిపోదు, దానికి సన్నతాడు కట్టి యాంకర్‌కి ముడెయ్యాలి. లేకపోతే మూడో మనిషి దిగేసరికి తివాచీ పక్కకి జరిగి రాయి బయటపడుతుంది, కింద నుంచి చూసేవాళ్ళకి అది కనబడదు.

ఏడూ నలభై ఐదు, బస్సు. రోడ్డు నుంచి బండ మొదటికి 1.2 కిలోమీటర్లు, 90 మీటర్ల ఎత్తు. నైస్మిత్ అనే స్కాట్లాండ్ ఆయన 1892లో చెప్పిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది: 5 కిలోమీటర్లకి గంట, ప్రతి 600 మీటర్ల ఎత్తుకి ఇంకో గంట. ఆ ప్రకారం 23 నిమిషాలు. కొత్తవాళ్ళ గుంపుకి దాన్ని రెట్టింపు చేసుకోవాలి, ఈరోజు 45 పట్టింది. అందరికంటే నెమ్మదిగా నడిచే అమ్మాయిని నా వెనకే పెట్టుకున్నాను. వెనక వదిలేస్తే ఆమె వచ్చేసరికి మిగతావాళ్ళు సేద తీరి లేస్తారు, ఆమెకి ఒక్క నిమిషం కూడా కూర్చునే వీలుండదు. సీతాఫలం పొదల్లోంచి వెళ్ళేటప్పుడు కర్రతో ముందు తట్టడం, చెయ్యి పెట్టే చోటు కంటితో చూశాకే పెట్టడం. పాము కాటుకి మందు ఏ ఆసుపత్రిలో సిద్ధంగా ఉందో ముందు రోజే ఫోన్ చేసి కనుక్కోవాలి. కాటు పడ్డాక వెతుక్కుంటే కాలం మించిపోతుంది.

బండ కింద అరగంట నేల పాఠం. హార్నెస్ (నడుముకీ తొడలకీ కట్టుకునే పట్టీ) బెల్టు తుంటి ఎముకలు దాటి పైన, నడుముకి కూర్చోవాలి, కిందికి గుంజినా జారకూడదు. తుంటి మీద కూర్చుంటే తలకిందులైనప్పుడు మనిషి అందులోంచి జారిపోవచ్చు. తాడు హార్నెస్ ముందున్న రెండు చోట్ల నుంచీ వెళ్ళాలి. సామాను తగిలించుకునే పక్క కొక్కేనికి తాడు కట్టుకునేవాళ్ళు ప్రతి బ్యాచ్‌లో ఒకరుంటారు, ఈరోజూ ఒకరున్నారు. ఫిగర్ ఎయిట్ ముడిలో రెండు తాళ్ళూ పక్కపక్కనే, దాటుకోకుండా. కొస కనీసం బెత్తెడు మిగలాలి.

ఇక బిలే. రోజులో నేను నిజంగా నేర్పేది ఇదొక్కటే అనిపిస్తుంది. ఎవరైనా ఎక్కుతుంటే గుంపు అంతా పైకి చూస్తుంది. నా చూపు మాత్రం కింద నిలబడ్డ మనిషి కుడి చేతి మీదే ఉంటుంది. పైన ఉన్నవాళ్ళ ప్రాణం ఆ పిడికిట్లో ఉంది కాబట్టి. లాగు, కిందికి, పట్టు, జరుపు: ఈ నాలుగూ నోటితో అంటూ తాడు లేకుండా పది సార్లు, తాడుతో పది సార్లు. తప్పు ఎప్పుడూ నాలుగో దానిలోనే జరుగుతుంది. చేతిని పైకి జరిపేటప్పుడు వేళ్ళు తెరుస్తారు. తెరవకూడదు. తాడు చుట్టూ వేళ్ళు ఉంగరంలా మూసే ఉండాలి, అలా మూసే జరపాలి. రెండో చెయ్యి బ్రేక్ తాడు (బిలే ప్లేటులోంచి చేతికి వచ్చే వైపు తాడు) మీదకి వచ్చాకే మొదటి చెయ్యి జరగాలి. ఇంకో సంగతి, బిలే ప్లేటుకి (హార్నెస్‌కి తగిలించి తాడుని ఆపే లోహపు సాధనానికి) మరీ దగ్గరగా పట్టుకుంటే లోడు పడగానే చర్మం అందులో నలుగుతుంది, నొప్పికి చెయ్యి దానంతటదే వదిలేస్తుంది. జానెడు దూరం తప్పనిసరి.

ఆ వెనక ఇంకో మనిషి అదే బ్రేక్ తాడు పట్టుకుని నిలబడతారు. తాడు మరీ వదులుగా వదలకూడదు, లాగి పట్టి బిలేని అడ్డుకోనూ కూడదు. 45 కిలోల అమ్మాయి 80 కిలోల అబ్బాయికి బిలే ఇస్తున్నప్పుడు ఆమె హార్నెస్‌ని వెనక గుండుకి స్లింగుతో (గట్టి పట్టీతో) కట్టాం. కట్టకపోతే అతను జారగానే ఆమె గాల్లోకి లేచి బండకి గుద్దుకుంటుంది.

ఎక్కేవాళ్ళు మొదటి మూడు మీటర్లలో ఉన్నప్పుడు తాడు బిగువుగా ఉండాలి. ఈ బండ 18 మీటర్లు. కింద నుంచి పైకి, మళ్ళీ కిందికి, 30 మీటర్లకి పైగా తాడు బయట ఉంటుంది. ఎక్కడానికి వాడే డైనమిక్ (సాగే) తాడు మనిషి బరువుకి వందకి ఏడెనిమిది వంతులు సాగుతుంది. అంటే రెండు మీటర్ల ఎత్తులో జారినవాళ్ళు తాడు ఉన్నా నేల తాకొచ్చు. చాలామంది చీలమండలు బెణికేది పైన కాదు, ఇక్కడే.

వాలు బండ ఎక్కడంలో అందరూ చేసే పొరపాటు ఒక్కటే. భయంతో ఛాతీని బండకి ఆనిస్తారు. ఆనించగానే బరువు పాదాల మీద నుంచి పోయి, బూట్లు వెనక్కి జారతాయి. నడుము బండకి దూరంగా, మడమలు కిందికి దించి, అరికాలి ముందు భాగం మొత్తం రాతికి ఆనాలి. అడుగులు చిన్నవి. చేతులు ఛాతీ ఎత్తు దాటి పైన వెతకకూడదు. బూటు అడుగున ఇసుక ఒక్క చిటికెడు ఉన్నా పట్టు పోతుంది, ఎక్కే ముందు పిక్కకి తుడుచుకోవాలి. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ తొలి పాఠాలు నేర్చుకున్నది భువనగిరి బండ మీదే. మంచు లేని ఊళ్ళో పాదాన్ని నమ్మడం నేర్పేది ఈ రాయే.

ఎనిమిదో తరగతి నుంచీ ఎత్తంటే భయమన్న అబ్బాయి ఆరు మీటర్ల దగ్గర ఆగిపోయాడు. కింద నుంచి స్నేహితులు "ఎక్కరా, ఎక్కరా" అంటుంటే ఆపించాను. "తమ్ముడూ, తాడు మీద కూర్చో, కాళ్ళు చాపు, చేతులు వదిలెయ్" అన్నాను. కూర్చున్నాడు. తాడు మోస్తుందని ఒంటికి తెలియాలి, చెవికి చెబితే చాలదు. రెండు నిమిషాలకి ఇంకో మూడు మీటర్లు ఎక్కి దిగాడు. అంతే చాలు, ఈరోజుకి.

పదిన్నరకి బండ వేడెక్కింది. వేడికి అరచెయ్యి చెమర్చుతుంది, రబ్బరు మెత్తబడుతుంది, రెండూ కలిసి జారుడు. పదకొండుకి చివరి మనిషి దిగాడు. ఇంకొక్కసారి అని ముగ్గురు అడిగారు, ఇవ్వలేదు. దిగే దారిలో మోకాళ్ళు వణుకుతున్నప్పుడే కాళ్ళు మడతపడతాయి కాబట్టి నీడలో ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి నీళ్ళు తాగించాం. లీటరు నీళ్ళకి ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. మనిషికి మూడు లీటర్ల లెక్కన మోసుకెళ్ళింది మొత్తం అయిపోయింది.

బస్సెక్కేటప్పుడు కాలేజీ సారు అడిగారు, "మీరు ఎవరెస్ట్ ఎక్కారా అండీ?" చాలామంది అడిగేది ఇదే. అడగాల్సినవి వేరే ఉన్నాయి. పర్వతారోహణలో బేసిక్, అడ్వాన్స్ తర్వాత మెథడ్ ఆఫ్ ఇన్‌స్ట్రక్షన్ (నేర్పడం నేర్పే) కోర్సు చేశారా, ఫస్ట్ ఎయిడ్ శిక్షణ ఎప్పటిది, తాళ్ళ వయసెంత, రికార్డు చూపిస్తారా. ఆ పుస్తకం ఎప్పుడూ బ్యాగులోనే ఉంటుంది. చూపించాను, శ్రద్ధగానే చూశారు.

ఇంటికొచ్చాక లెక్కలు. ఒక క్లయింటు డిసెంబరు డబ్బులు ఇంకా ఇవ్వలేదు, మూడోసారి గుర్తు చేశాను. టీడీఎస్ కింద (పన్నుకని ముందే) కోసిన మొత్తం పన్ను శాఖ రికార్డులో కనబడిందా లేదా నెలనెలా చూసుకోకపోతే మార్చిలో తల పట్టుకోవాలి. పని అంతా అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకే. ఆ ఐదు నెలల సంపాదనలోంచే కొత్త తాడుకి ప్రతి పనిదినం కొంత పక్కన పెట్టాలి, లేకపోతే పాత తాడునే ఇంకో ఏడాది లాగాలన్న ఆశ పుడుతుంది.

రాత్రి తాళ్ళ పరీక్ష. లైటు కింద, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి అరవై మీటర్లూ నెమ్మదిగా పోనివ్వాలి. కంటి కంటే వేళ్ళు ముందు పసిగడతాయి. తాడుని మడిచి చిన్న వంపు చేస్తే మంచి చోట గుండ్రంగా వంగుతుంది, లోపల దెబ్బతిన్న చోట గడ్డిపరకలా చప్పున మడతపడుతుంది. మూడో నంబరు తాడులో కొస నుంచి రెండు మీటర్ల పైచిలుకు దూరంలో అలాంటి చోటు తగిలింది. పై తొడుగు బాగానే ఉంది, లోపల మెత్తగా, చదునుగా ఉంది. ముడి పడే చోటూ బరువు పడే చోటూ అదే కాబట్టి కొసలే ముందు అరుగుతాయి.

రెండున్నర మీటర్లు కోసేశాను. ఒక కొసే కోస్తే నడిమి గుర్తు మీటరుంపావు పక్కకి పోతుంది. రేపు ఎవరైనా ఆ గుర్తు చూసి ర్యాపెల్ (తాడు మీద జారుతూ దిగడం) వేస్తే ఒక కొస పొట్టిదవుతుంది. అందుకని బాగున్న రెండో కొస నుంచీ రెండున్నర కోసి, రెండు చివర్లూ పోగులు విడిపోకుండా కాల్చి, టేపు మీద 60 కొట్టేసి 55 అని రాశాను. పుస్తకంలో కూడా.