పిండి నైసు, మనిషి నైసు

కడపలో ఏ పిండి మిషన్ దగ్గరైనా కాసేపు నిలబడండి, "జొన్నలు నైసుగా పట్టన్నా, బరకగా ఉంటే రొట్టె ఇరిగిపోతాది" అనే మాట చెవిన పడకపోతే అడగండి. బడిలో మాత్రం నైస్ అంటే మంచి, బాగుంది అని చెప్పి వదిలేశారు. ఆ అర్థంతో మా వైపు ఎక్కడ వాడతారా అని చూస్తే, వాట్సాప్‌లో ఎవరి ఫోటో కిందో తప్ప పెద్దగా కనపడదు. మనకు నైసు అంటే నున్నన, మెత్తన. చీర నైసు, పాలిష్ పట్టిన బండ నైసు (ముంబై, పుణె వాళ్లు వంటగట్టుకు వేసుకునే నల్లబండ మనదే, అక్కడ దాని పేరే కడప).

మనుషుల దగ్గరికొచ్చేసరికి కథ మారిపోతుంది. "వాడు నైసుగా మాట్లాడతాడు" అంటే మెచ్చుకోలు కాదు, జాగ్రత్త అని. అప్పడిగినోడికి ఇస్తాననకుండా, లేదనకుండా టీ తాపిచ్చి సాగనంపడం నైసుగా పంపడం. పెళ్లిలో చదివింపులు మొదలవగానే ఫోనొచ్చినట్టు చెవికి పెట్టుకుని బయటికి నడిచేవాడు నైసుగా జారుకున్నట్టు. పదిరూపాయల కోసం కాళ్లు పిసికే మనవణ్ణి జేజి అంటుంది చూడండి, "నన్ను నైస్ చేయొద్దురా" అని, ఆ ఒక్క వాక్యాన్ని ఇంగ్లీషులోకి మార్చమంటే నా వల్ల కాదు.

ఇంగ్లీషు వాళ్ల దగ్గర మాత్రం ఈ మాట తక్కువ తిరిగిందా! మూలం లాటిన్ నెస్కియుస్, అంటే ఏమీ తెలియనివాడు. 'తెలుసుకోవడం' అనే అదే ధాతువు నుంచి సైన్స్ కూడా వచ్చింది. పాత ఫ్రెంచి మీదుగా 1300 ప్రాంతంలో ఇంగ్లీషులో చేరినప్పుడు నైస్ అంటే తిట్టే, బుద్ధిలేనివాడని. తర్వాత ప్రతిదానికీ వంక పెట్టేవాడైంది, ఆపైన సూక్ష్మమైనది అయింది, 18వ శతాబ్దానికి గానీ 'బాగుంది' దగ్గరికి రాలేదు. ఆ సూక్ష్మం అనే అర్థం ఇంకా బతికే ఉంది, నైస్ డిస్టింక్షన్ అంటే మంచి తేడా కాదు, వెంట్రుకవాసి తేడా. మన పిండి మిషన్ నైసుకు ఇదే దగ్గరి చుట్టమని నా లెక్క. అన్నట్టు ఇంగ్లీషులో ఇదే స్పెల్లింగుతో రాసే ఫ్రాన్స్‌లోని ఊరికి దీంతో ఏ సంబంధమూ లేదు, దాన్ని నీస్ అనాలి.

చిక్కల్లా ఇంగ్లీషు మీడియం పిల్లలతోనే. పెళ్లిచూపుల నుంచి వచ్చిన పెద్దామె "పిల్లోడు శానా నైసుగా మాట్లాడినాడు" అంటే పిల్లలు అక్కను ఆటపట్టించడం మొదలుపెడతారు, పెద్దలేమో బ్రోకర్‌కు ఫోన్ చేసి వేరే సంబంధం చూడమంటారు.