మూడో వరం

సంచికకి ఏదో ఒకటి రాయమని మన బ్యాచ్ వాళ్ళు నెల రోజులుగా వేధిస్తున్నారు. బెత్తం దెబ్బల గురించి, ఇంటర్‌బెల్లులో తిన్న మామిడికాయ ముక్కల గురించి మీరందరూ ఎలాగూ రాస్తారు. నేను మన తెలుగు మాష్టారు పదే పదే అడిగిన ఒక ప్రశ్న గురించి రాస్తాను.

మనది 1994-95 పదో తరగతి. కోనసీమలో రొయ్యల జోరు మొదలైన రోజులు. బడి వెనక నిన్నటిదాకా వరిచేను, ఇవాళ చెరువు. సగం మంది ఇళ్ళల్లో అన్నాల దగ్గర కూడా సీడు, మేత, కౌంటు ఇవే మాటలు. అలాంటి రోజుల్లో మాష్టారు మన చేత పోతనగారి వామన చరిత్ర పద్యం కంఠస్థం పట్టించారు.

వ్యాప్తిం బొందక వగవక
ప్రాప్తంబగు లేశమైనఁ బదివే లనుచుం
దృప్తిం జెందని మనుజుఁడు
సప్తద్వీపముల నయినఁ జక్కంబడునే

దొరికిన కాస్తే పదివేలు అనుకోలేనివాడికి ఏడు ద్వీపాలిచ్చినా చాలవని బలి చక్రవర్తితో వామనుడు అంటాడు. వెనక బెంచీలోంచి ఒకడు లేచాడు. (ఎవడో మీకు తెలుసు, పేరు రాస్తే ఊరుకోడు.) "మాష్టారండీ, ఇంత చెప్పినాయన మూడు లోకాలూ కొలిచేసుకున్నాడు కదండీ?" క్లాసంతా గొల్లుమంది. మాష్టారు సుద్దముక్క వేళ్ళ మధ్య తిప్పుతూ కాసేపు ఆలోచించి, "రేపు చెప్తాను, కూచో" అన్నారు. ఆ రేపు ఇంతవరకూ రాలేదు.

ఇక ప్రశ్న సంగతి. మాష్టారు ఏ కథనైనా సగం చెప్పి ఆపేసి, "ఇక్కడ ఆగొచ్చా?" అని అడిగేవారు. మనం "ఆయ్, ఆగొచ్చండి" అనేవాళ్ళం. "మరి ఆగాడా?" అని మళ్ళీ అందుకునేవారు. టాల్‌స్టాయ్ 1886లో రాసిన పాహోము అనే రైతు కథ కూడా అలాగే చెప్పారు. వెయ్యి రూబుళ్ళు కడితే, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎంత నేల చుట్టి వస్తే అంతా నీదే. పొద్దు గూకేలోపు బయల్దేరిన చోటికి చేరకపోతే మాత్రం డబ్బు పోయినట్టే. పాహోము నడుస్తాడు. ఇక వెనక్కి తిరగాల్సిన చోట తేమగా ఉన్న ఒక పల్లం కనిపిస్తుంది. అవిసె బాగా పండుతుంది, వదిలేస్తే ఎలా అని దాన్ని కూడా చుట్టేస్తాడు. అక్కడ మాష్టారు ఆగారు. మనం ఎవ్వరం "ఆగొచ్చండి" అనలేదు, గుర్తుందా? పల్లపు చేను విలువ తెలిసిన పిల్లలం మరి! చివరికి పరిగెత్తి పరిగెత్తి సూర్యాస్తమయానికి గమ్యం చేరి అక్కడే పడి చచ్చిపోతాడు. ఆరడుగుల గోతిలో కప్పెడతారు.

దుర్యోధనుడి ఐదూళ్ళ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. మన కడియం, యండగండి కవులు, అదే తిరుపతి వేంకట కవుల పద్యాలు తిరునాళ్ళ నాటకాల్లో వింటూ పెరిగినవాళ్ళమే.

నాకు ఇప్పటికీ మనసులో మెదిలేది సభాపర్వం పాఠం. జూదం అనగానే అందరూ ఓడిపోయినవాళ్ళ గురించీ, మోసం చేసినవాళ్ళ గురించీ మాట్లాడతారు. మాష్టారు ద్రౌపది గురించి చెప్పారు. ధృతరాష్ట్రుడు వరం కోరుకోమంటే మొదట ధర్మరాజు దాస్యం పోవాలంది. రెండో వరంగా మిగతా నలుగురినీ ఆయుధాలతో, రథాలతో విడిపించింది. ఆయన మూడోది కూడా కోరుకోమన్నాడు. రాజ్యం అడగొచ్చు, జుట్టు పట్టి ఈడ్చినవాడికి శిక్ష అడగొచ్చు. వద్దంది. లోభం ధర్మాన్ని చెరుస్తుందంది. అంత అవమానం జరిగిన గంటలోనే ఆ సభలో లెక్క తెలిసి మాట్లాడిన మనిషి ఆవిడ ఒక్కతే. పోయిందంతా తిరిగొచ్చాక ధర్మరాజు దారిలోంచే వెనక్కొచ్చి మళ్ళీ పాచికలు పట్టాడు. పన్నెండేళ్ళ అడవి, ఒక ఏడాది అజ్ఞాతవాసం ఆ రెండో ఆటలో పోగొట్టుకున్నవే. ఆరోజు "ఇక్కడ ఆగొచ్చా?" అని అడుగుతున్నప్పుడు మాష్టారి గొంతు కొంచెం మారింది.

నేను ఆ రోజు ఇంటికెళ్ళి ఎవరికీ చెప్పలేదు. మా చిన్నాన్నకి నాలుగెకరాలు. రెండెకరాలు చెరువు తవ్విస్తే మొదటి పట్టుబడికే అప్పు తీరి, పిన్నికి గాజులొచ్చాయి. పిన్ని "ఇంక చాలండి, ఆ రెండూ దాళ్వా వరికి ఉంచండి" అంది. చిన్నాన్న ఆ రెండూ తవ్వించి, ఇంకో ఆరెకరాలు లీజుకి తీసుకున్నాడు. రొయ్యలకి తెల్లమచ్చ తెగులు వచ్చింది. తెల్లారేసరికి రొయ్యలన్నీ నీరసంగా గట్టుకి చేరాయి. తలమీద చిప్ప తీసి చూస్తే తెల్లటి చుక్కలు. ఆ వారమంతా ఊళ్ళో కాకుల గోలే. చెరువు పూడ్చాక కూడా ఉప్పు దిగక, వరి సరిగ్గా పండడానికి ఏళ్ళు పట్టింది.

చిన్నాన్నది దురాశ అనడానికి నాకు నోరు రాదు. ఇద్దరు ఆడపిల్లల పెళ్ళిళ్ళున్నాయి, పక్కవాళ్ళందరూ తవ్వుతున్నారు. కథలో పల్లం ఎక్కడుందో మనకి ఇట్టే తెలిసిపోతుంది. గట్టు మీద నిలబడినవాడికి అది పల్లంలా కనపడదు, పిల్ల పెళ్ళిలా కనపడుతుంది.

మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు అరుగు మీద కూచుని చిన్నాన్నకి పాహోము కథ మొత్తం చెప్పాను. కళ్ళు మూసుకుని విన్నాడు. పడి చచ్చిపోయేదాకా ఏమీ అనలేదు. అంతా అయ్యాక కళ్ళు తెరిచి అడిగాడు:

"ఆ పల్లం ఎన్నెకరాలు ఉంటుందిరా?"