బ్యూలీ సంతలో సగం బాగైన బండి

వెనక ట్రైలర్ తగిలించుకున్న బండి ఇంగ్లండు మోటార్‌వేల మీద గంటకు 60 మైళ్ళు దాటకూడదు. మూడు లేన్లున్న చోట కుడి చివరి లేన్లోకి వెళ్ళనే కూడదు. పుస్తకంలో చదివినప్పుడు ఈ రెండు రూల్సూ ఏమీ అనిపించలేదు. ఎం3 మీద బేసింగ్‌స్టోక్ దాటాక తెలిసింది. ముందో లారీ, దాన్ని నత్తనడకన దాటుతూ పక్కన ఇంకో లారీ, వాటి వెనక మేం, మా వెనక లైట్లు కొట్టే జనం. వించెస్టర్ వచ్చేసరికి నా నడుం పట్టేసింది. పక్క సీట్లో పెద్దాయన మాత్రం అద్దంలోంచి వెనక్కి చూసుకుంటూ, బెల్టులు బిగుతుగానే ఉన్నాయని మాటిమాటికీ నాకు రిపోర్టు ఇస్తున్నాడు.

ట్రైలర్ మీద ఉన్నది 1973 నాటి ఎంజీబీ జీటీ, ఇక్కడి పాత స్పోర్ట్స్ కారు. ఒళ్ళంతా బూడిదరంగు ప్రైమర్. లోపల డ్రైవర్ సీటు తప్ప ఇంకేం లేదు. డాష్‌బోర్డు ఉండాల్సిన చోట వైర్లు వేలాడుతున్నాయి. అద్దాలు, డోర్ హ్యాండిళ్ళు, క్రోమ్ సామాను అంతా అట్టపెట్టెల్లో సర్ది మేం ఎక్కిన ల్యాండ్ రోవర్ వెనక సీట్లో పెట్టాం. రెడింగులో మా పక్కిల్లే పెద్దాయనది. రిటైరయ్యాక ఈ బండి విప్పడం మొదలుపెట్టాడు. విప్పడం అయింది, తుప్పు కోసేసి కొత్త రేకు వెల్డింగు చేయడం అయింది, ఇంజన్ పని అయింది. అక్కడికి ఆయన కళ్ళు మొరాయించాయి. డాక్టరు దూరాలు నడపొద్దన్నాడు, మోకాళ్ళు కారు కింద దూరొద్దన్నాయి. అమ్మేస్తాను, తోలుకొస్తావా అని నన్నడిగాడు. 2021 డిసెంబరు నుంచి ట్రైలర్ లాగడానికి విడిగా పరీక్ష అక్కర్లేదు కాబట్టి నా లైసెన్సు సరిపోయింది. "శనివారం పూట ఎవరి పాత ఇనుమో మోయడానికి వెళ్తారా?" అంది మా ఆవిడ. వెళ్తానన్నాను. బ్యూలీ ఊళ్ళో పాత బండ్లు అమ్మే సంత ఒకటుందంటే చూడకుండా ఉండే బుద్ధి కాదు నాది.

మన హైదరాబాదులో ఎంజీ అంటే హెక్టర్. బ్రాండు చైనా వాళ్ళ సైక్ కంపెనీ చేతికి పోయింది, మనకొచ్చే బండ్లు గుజరాత్‌లోని హాలోల్‌లో తయారవుతాయి. అసలు ఎంజీ అంటే మోరిస్ గరాజెస్, పుట్టింది ఆక్స్‌ఫర్డులో. ఆ పక్కనే ఆబింగ్డన్ ఫ్యాక్టరీలో 1962 నుంచి 1980 దాకా ఐదు లక్షలకు పైగా ఎంజీబీలు తయారయ్యాయి. 1980లో ఆ ఫ్యాక్టరీకే తాళం పడింది. 1965లో వచ్చిన జీటీకి టాపు డిజైన్ చేసింది ఇటలీ పినిన్‌ఫరీనా. ఇంత చక్కని టాపు ఉన్న జీటీ కన్నా, గుడ్డ టాపు రోడ్‌స్టర్‌కే సంతలో ధర ఎక్కువ. ఏడాది పొడుగునా వాన పడే దేశంలో ఈ లెక్కేమిటో నాకు ఇప్పటికీ ఎక్కలేదు.

ఎం27 దిగి క్యాడ్నమ్ నుంచి న్యూ ఫారెస్ట్‌లోకి తిరిగాక లిండ్‌హర్స్ట్ దగ్గర మామూలు జామే. అది దాటి బ్యూలీ రోడ్డెక్కితే గుర్రాలు. వాటికి యజమానులున్నారు గానీ కంచెల్లేవు, రోడ్డంతా వాటిదే. ఊళ్ళోకి వచ్చేసరికి గాడిదలు. ఒక గాడిద మా బంపరు ముందు అడ్డంగా నిలబడి కదలనంది. హారన్ మీదికి వెళ్ళిన నా చేతిని పెద్దాయన పట్టుకుని ఆపాడు. రాజమండ్రిలో గేదెలకు హారన్ కొట్టి పెరిగినవాణ్ణి, చెయ్యి ఊరుకోదు.

బ్యూలీ ఆటోజంబుల్ అనే ఈ పాత బండ్ల, విడి సామాన్ల సంత గురించి పాత బండ్ల పిచ్చి ఉన్నవాళ్ళకు చెప్పక్కర్లేదు. అక్కడి నేషనల్ మోటార్ మ్యూజియం పక్క పొలాల్లో 1967 నుంచి నడుస్తోంది, ఏటా సెప్టెంబరులో. గడ్డి మీద పట్టాలు పరుచుకుని కార్బ్యురేటర్లు గుట్టలు పోసి అమ్ముతున్నారు. లూకస్ లైట్లు, తుప్పు పట్టిన ఆయిల్ డబ్బాలు, ఎవరి బండివో తెలియని స్టీరింగులు. అరవై దాటిన మగాళ్ళు చేతిబండ్లు తోసుకుంటూ, ఆ గుట్టల ముందు మోకాళ్ళ మీద కూచుని ఏరుకుంటున్నారు. అఫ్జల్‌గంజ్ పాత సామాన్ల వీధిని తీసుకొచ్చి పచ్చికలో పెట్టినట్టుంది. ధరలు మాత్రం అఫ్జల్‌గంజ్‌వి కావు. బండి హోటలు దగ్గర టీ, గుప్పెడు చిప్స్ కలిపి తొమ్మిది పౌన్లు గుంజాడు. పులిహోర డబ్బా వెంట ఉండబట్టి బతికిపోయాం.

కార్లమ్మే మైదానంలో మాకిచ్చిన చోట బండి దించాక పెద్దాయన సంచీలోంచి ఒక అట్ట తీసి ముందు అద్దం ఉండాల్సిన చోట నిలబెట్టాడు. పైన ధర, 4,500 పౌన్లు. దాని కింద రెండు వరసలు. ఎడమ వైపు అయిన పనులు, నల్ల సిరాతో. కుడి వైపు కాని పనులు, ఎర్ర సిరాతో. ఎర్ర వరస ఎడమదానికి రెండింతలుంది. వైరింగు సగమే. హెడ్‌లైనింగ్, అంటే టాపు లోపలి గుడ్డ, లేదు. వెనక ఎడమ చక్రం పైన పుట్టీ ఉంది. ఫ్యూయల్ పైపులు పాతవి, పదో వంతు దాకా ఇథనాల్ కలిసే ఇప్పటి ఇ10 పెట్రోలుకి ఆగవు. ఇలా కిందిదాకా. అది చదివి నాకు మతిపోయింది. ఈయన బండి అమ్మడానికి వచ్చాడా, దాని మీద ఫిర్యాదు రాయడానికి వచ్చాడా? మా ఊళ్ళో బండి అమ్మేవాడు తుప్పు మీద స్టిక్కరు అంటిస్తాడు, సైలెన్సర్ మోతకి "స్పోర్ట్స్ మోడలండీ" అంటాడు. కొనేవాడు కూడా దానికి సిద్ధపడే వస్తాడు.

మొదట వచ్చింది తోలు జాకెట్టు వేసుకున్న బేరగాడు. అట్ట మొత్తం చదివాడు, బానెట్ కూడా ఎత్తమనలేదు. రెండు వేలన్నాడు. పెద్దాయన వినయంగా తల అడ్డంగా ఊపాడు. వాడు కాసేపటికి తిరిగొచ్చి 2,300 అన్నాడు. వాడు పోయాక ఈ సగం బండ్ల గుట్టు పెద్దాయనే చెప్పాడు. అసలు ముట్టుకోని తుప్పు బండికి ఒక ధర ఉంటుంది, పూర్తిగా బాగైనదానికి ఒక ధర ఉంటుంది. నడిమధ్యలో ఆగినదాన్ని మాత్రం జనం నమ్మరు. రంగు వేయకముందు లోపలేం జరిగిందో చేసినవాడికే తెలుసు. పైగా ఒకడు విప్పిన బండిని ఇంకొకడు బిగించాలంటే ఏ బోల్టు ఎక్కడిదో వెతకడానికే సగం చలికాలం పోతుంది. ఆయన దగ్గరున్న బిల్లులు కూడితేనే తొమ్మిది వేలు దాటాయి. తన చాకిరీ అందులో లేదు. "బిల్లు అంటే నేను ఖర్చు పెట్టానని కాగితం. బండికి అంత విలువుందని కాగితం కాదు" అన్నాడు. ఇంత తెలిసినాయన ఆ ఎర్ర సిరా పెన్ను ఇంట్లో పెట్టి రావచ్చు కదా అనుకున్నాను గానీ పైకి అనలేదు.

మధ్యాహ్నానికి ముందు ఒకావిడ వచ్చింది, యాభై ఏళ్ళుంటాయి. నీలం రంగు వర్క్‌షాపు డ్రెస్సు, వెంట చేతిలో టార్చితో పదిహేనేళ్ళ కొడుకు. అట్ట వైపు ఒకసారి చూసింది, అంతే. జేబులోంచి గుడ్డ చుట్టిన అయస్కాంతం తీసి వెనక చక్రం మీద నుంచి డోరు దాకా మెల్లగా జరుపుకుంటూ వెళ్ళింది. ఎడమ వైపు ఒకచోట అది పట్టు వదిలి ఆవిడ అరచేతిలో పడింది. "అక్కడే, పుట్టీ అక్కడే" అన్నాడు పెద్దాయన, ఏదో బహుమతి అందిస్తున్నట్టు. ఆవిడ తలూపి, నేల మీద అట్ట పరుచుకుని కారు కిందికి వెళ్ళిపోయింది.

ఎంజీబీకి చాసీ అంటూ విడిగా లేదు. డోర్ల కింద పొడుగునా ఉండే సిల్స్ బలం మీదే బండి నిలబడాలి. అవి పుచ్చిపోతే పైన ఎంత రంగు కొట్టినా దండగ. పైకి కనిపించే రేకు వెనక ఇంకో నిలువు రేకు, దాని కింద క్యాజిల్ రైల్ అని ఇంకోటి. చాలామంది పై రేకు ఒక్కటే మార్చి చేతులు దులుపుకుంటారట. అందుకే ఆవిడ కింద పడుకుని చిన్న సుత్తితో అంగుళం అంగుళం తట్టుకుంటూ వెళ్ళింది. కొడుకు టార్చి పడుతున్నాడు. మాకు కనిపించేది రెండు బూట్లు, వినిపించేది టక్ టక్. అలా ఎంతసేపో. నేను పోయి ఇంకో టీ కొనుక్కుని వచ్చినా బూట్లు అక్కడే ఉన్నాయి. పెద్దాయన మాత్రం టీచరు దగ్గర జవాబుపత్రం పెట్టి నిలుచున్న పిల్లాడిలా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పక్కన వెల్డింగు ఫోటోల ఆల్బమ్. అందులో రేకు కోయకముందు, కోశాక, అతికాక, ప్రతి అడుగుకీ ఫోటో ఉంది.

ఆవిడ బయటికొచ్చి బానెట్ ఎత్తించింది. బ్రేకు మాస్టర్ సిలిండర్ కింద వేలు పెట్టి రాసి, వాసన చూసి, గుడ్డకి తుడుచుకుంది. ఏమీ అనలేదు. స్టార్ట్ చేయమంది.

పెద్దాయన డబ్బాతో పెట్రోలు పోసి సెల్ఫ్ కొట్టాడు. రెండోసారికి అందుకుంది. ఆ మోత నాకు ఎక్కడో తెలిసిన మోత. వెంటనే నాన్నకి వీడియో కాల్ చేశాను. రాజమండ్రిలో అప్పుడు మూడున్నర దాటింది, ఆయన కునుకు తీసి లేచినట్టున్నాడు.

"ఒరేయ్, అదెక్కడి బండిరా? మన అంబాసిడర్ లాగుందే మోత."

"ఇది ఎంజీ అని, ఇక్కడి స్పోర్ట్స్ కారు నాన్నా."

"స్పోర్ట్సో గీర్ట్సో. ఫోను కాస్త దగ్గర పెట్టు. టాపెట్లు కొడుతున్నాయి. ఫీలర్ గేజి పదిహేను పెట్టి సరిచెయ్యమను."

టాపెట్లంటే ఇంజన్ వాల్వులు తెరిచే ముక్కలు, పదిహేనంటే అక్కడ వదలాల్సిన సందు, అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన. మా నాన్న ఒక కాంట్రాక్టరు దగ్గర మార్క్ 3 పెట్రోలు అంబాసిడర్ తోలాడు. ఆయన చెవి తప్పలేదు. ఆక్స్‌ఫర్డు పక్క కౌలీలో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డే బెంగాల్ ఉత్తర్‌పాడాలో అంబాసిడర్ అయి 2014 దాకా బతికింది. దాని పాత 1489 సీసీ ఇంజనూ, ఈ 1798 సీసీ ఇంజనూ ఒకే బి సిరీస్ వంశం. మనదానికి ఒకటే కార్బ్యురేటర్, దీనికి ఎస్‌యూ కంపెనీవి జంటగా రెండు, అంతే. నాన్న మాట ఇంగ్లీషులో చెబితే పెద్దాయన నవ్వు ఆపుకోలేకపోయాడు. "పదిహేనే పెట్టానని చెప్పు. ఈ ఇంజనుకి ఆ మాత్రం మోత ఉంటేనే ఆరోగ్యం." అది విని నాన్న, "మా షావుకారుకి నేనూ ఇదే కబురు చెప్పేవాణ్ణి" అన్నాడు.

తర్వాత బేరం. అది బేరమే అంటే. ఆవిడ చేతులు తుడుచుకుని, "మూడు వేలు" అంది. పెద్దాయన గడ్డి వైపు చూశాడు. ఆవిడ గడ్డి వైపు చూసింది. నేను వెనక నుంచి నాలుగు వేళ్ళు చూపిస్తున్నాను, ఎవరూ నన్ను పట్టించుకోలేదు. వెళ్ళిపోతున్నట్టు నటించడం లేదు, వెనక్కి పిలవడం లేదు, పెళ్ళాం తిడుతుందనడం లేదు. చాలాసేపటికి పెద్దాయన, "3,200. పెట్టెలన్నీ మీవే" అన్నాడు. ఆవిడ చెయ్యి చాపింది. కోఠిలో చేతిరుమాళ్ళ జత కొనడానికి ఇంతకన్నా ఎక్కువ మాట్లాడతాం.

డబ్బు ఫోనులో బ్యాంకుకి పంపాలి. అడవిలో సిగ్నల్ ఏది? నలుగురం ఫోన్లు పైకెత్తి పొలమంతా తిరిగి, చివరికి టాయిలెట్ల పక్కన రెండు గీతలు దొరికితే అక్కడే పని కానిచ్చాం. రిజిస్ట్రేషన్ కాగితంలోంచి కొత్త యజమానికిచ్చే పచ్చ ముక్క చింపి ఇచ్చి, మిగతాది ఆన్‌లైన్లో నొక్కేస్తే పేరు మారిపోతుంది. ఆర్టీవో ఆఫీసు లేదు, బ్రోకరు లేడు. ఇక్కడ మాత్రం మనవాళ్ళని తలుచుకుని కుళ్ళుకున్నాను. నలభై ఏళ్ళు దాటిన బండి కాబట్టి ఆవిడకి రోడ్డు ట్యాక్సు కూడా సున్నా.

అసలు ఆలస్యమంతా పెట్టెల దగ్గరే. ప్రతి పెట్టెలో ఐస్‌క్రీమ్ డబ్బాలు, ప్రతి డబ్బా మీద చీటీ. వైపర్ మోటారు బోల్టులు. ఎడమ డోరు తాళం. ముందు గ్రిల్ క్లిప్పులు, ఒకటి తక్కువ. పెద్దాయన ఒక్కొక్క మూత తీసి చెబుతుంటే ఆ కుర్రాడు నోటుబుక్కులో రాసుకున్నాడు. ఒక డబ్బా మీద "ఇవి ఎక్కడివో తెలియదు" అని ఉంది. లోపల బోల్టులు శుభ్రంగా కడిగి, నూనె రాసి ఉన్నాయి.

తిరుగు ప్రయాణంలో ఖాళీ ట్రైలర్ ప్రతి గతుకుకీ ఎగిరి దబదబలాడింది. వేగం మాత్రం అదే 60. ఇంకో ఐదొందలు ఖాయంగా రాబట్టేవాణ్ణని పెద్దాయనతో అన్నాను. ఆయన వినిపించుకోలేదు, ఏదో ఆలోచిస్తున్నాడు. వించెస్టర్ సర్వీసుల దగ్గర ఆపమని, దిగి ఆవిడకి ఫోను చేశాడు. బ్రేకు మాస్టర్ సిలిండర్ కారుతోందట, ఎర్ర వరసలో రాయడం మరిచిపోయాడట. అడిగితే వంద వెనక్కి ఇచ్చేస్తానని నాతో ముందే అన్నాడు. ఫోను పెట్టేసి నవ్వుకుంటూ వచ్చాడు.

"ఆవిడ చూసిందట. మూడు వేలన్నది అది చూశాకేనట."

"మరి వంద?"

"అడగలేదు" అని బెల్టు పెట్టుకుని, ఇక్కడ టీ ఎంతుందో చూశావా, బ్యూలీయే నయం అన్నాడు.